శివారు బురుజుకి ఆఖరి తడి

పోయినవారం శౌరయ్యని కంకిపాడు సెంటర్లో గన్నవరం ఆటో ఎక్కించి వదిలేశాం. ఒళ్లో గుడ్డసంచీ, సంచీలో పాత గేజీ రిజిస్టరు, చొక్కా జేబులో కొడుకు కొనిపెట్టిన ఫోను. మనిషి ఎక్కడికి వెళుతున్నాడో భార్యకి కూడా చెప్పలేదు. పెన్షన్ కాగితాల పని ఉందన్నాడు. ముప్ఫై ఏళ్ల కాపురంలో అమలమ్మకి ఆయన చెప్పిన అబద్ధాలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అందులో సగం, కూతురు కనపడకుండా పోయిన ఈ నలభై ఎనిమిది రోజుల్లోనే చెప్పాడు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. శౌరయ్య కాలవల మీద లస్కరుగా ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి దిగిపోయినవాడు. తూముల తలుపులు ఎత్తడం, దించడం, పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ నీటిమట్టం చూసి రిజిస్టర్లో రాయడం ఆయన కొలువు. కూతురు డయానా పటమటలో ఒక రక్తపరీక్షల లాబ్‌లో పనిచేసేది. అక్కడ ఎవరో చేసిన పొరపాటుకి ఒక పేషెంటు బ్లడ్ గ్రూపు తారుమారై మనిషి పోయాడు. తప్పు నాదేనని కాగితం మీద సంతకం పెట్టమని పైవాళ్లు డయానా మీద పడ్డారు. పిల్ల పెట్టనంది. "పెట్టెయ్యమ్మా, గొడవ వదిలిపోద్ది" అన్నాడు తండ్రి. పెట్టింది. ఆ మర్నాడు, అక్టోబరు నాలుగో తారీఖున, ఆమె స్కూటీ కాలవగట్టు మీద దొరికింది. ఆమె దొరకలేదు. ఈతగాళ్లు నాలుగు రోజులు వెతికి చేతులెత్తేశారు.

ఆ ఇంట్లో ఇంకా పొయ్యి వెలుగుతోందంటే ఒక ఆట పుణ్యం.

'ఏడు బురుజులు' అని ఫోన్లో ఆడే ఆట. మహా కర్కోటకపు ఆట. ఆడేవాళ్లలో చాలామంది వారం తిరక్కుండా ఓడిపోయి దాని మొహం చూడరు. ఒక పొడవాటి కోటగోడ, గోడ మొదట్లో మాంత్రికురాలి శిఖరం, అక్కణ్ణుంచి వరసగా ఏడు బురుజులు, బురుజుకో మనిషి. రోజూ సాయంత్రం ఆరింటికి శత్రువులు మీద పడతారు. మాంత్రికురాలి దగ్గర రోజుకి ఇంత అని మంత్రశక్తి ఉంటుంది. దాన్ని మంటగానో పొగమంచుగానో మార్చి బురుజులకి పంపాలి. పంపింది చేరడానికి దూరాన్ని బట్టి సమయం పడుతుంది. మాంత్రికురాలి ఒళ్లు మాత్రం గాజుబొమ్మ, ఒక్క బాణం తగిలితే సరి. ఈ ఆటలో చచ్చినవాళ్లు తిరిగి రారు. వరసగా పది సాయంత్రాలు ఆమె ఏమీ పంపకపోతే శిఖరం తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి, ఆమె కథ ముగుస్తుంది.

ఆ శిఖరంలో కూర్చునేది డయానా. తన మాంత్రికురాలికి 'లాకులపిల్ల' అని పేరు పెట్టుకుంది. రిటైరై అరుగుమీద గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న తండ్రిని పట్టుకొచ్చి అన్నిటికంటే చివరన ఉన్న ఏడో బురుజులో నిలబెట్టిందీ తనే. మాంత్రికురాలు ఆటలోకి రాగానే శిఖరం మీద పచ్చదీపం వెలుగుతుంది. పిల్ల మాయమైన తొమ్మిదో రోజు సాయంత్రం ఆ దీపం వెలిగింది. ఆ తర్వాత రోజూ వెలుగుతూనే ఉంది. సందేశాలు పెడితే జవాబు లేదు, ఫోన్ లేదు. ఆట కంపెనీకి మెయిల్ పెట్టామని ఎస్సై అంటాడు, ఆ మెయిల్ ఏ సముద్రంలో పడిందో తెలీదు. అయినా దీపం వెలుగుతోంది. "వెలిగిందా?" అని అమలమ్మ అడుగుతుంది, "వెలిగింది" అని శౌరయ్య అంటాడు, అప్పుడు ఆమె కంచం ముందు కూర్చుంటుంది. నవంబరు రెండున సమాధుల పండగకి చర్చివాళ్లు డయానా పేరు మీద కూడా ఒక కొవ్వొత్తి ఇవ్వబోతే, "బతికున్న పిల్లకా?" అని అందరిలో కసురుకుని వచ్చేసింది.

పోయిన శుక్రవారం శౌరయ్య గుండెలో రాయి పడింది. లాకులపిల్ల ఒకటో బురుజుకి ముందు మంట పంపడం ఆయన కళ్లారా చూశాడు. డయానా ఆ పని చచ్చినా చెయ్యదు.

చెయ్యదని అంత గట్టిగా ఎలా తెలుసంటారా? నేర్పింది ఆయనే కాబట్టి. ఆట మొదలెట్టిన కొత్తల్లో పిల్ల మూడేసి రోజులకే చచ్చిపోయి మళ్లీ మొదలెట్టేది. "నాన్నా, మాంత్రికురాలిగా బతకడం నావల్ల కావట్లేదు, కొంచెం చూడవా" అని ఫోను చేతికిచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని పావుగంట చూశాడు. ఆట అంతుపట్టలేదు గానీ అందులో పారేదేమిటో పట్టుబడింది.

"కేకేసిన వాడికల్లా వదులుతున్నావే! ఒకటోవాడు నీ పక్కనే ఉన్నాడు, వాడికి చిటికెలో అందుద్ది. ఏడోవాడికి చేరేసరికి వాడు పోయి ఉంటాడు. ముందు శివారుకి వదులు. తర్వాత ఆరు, ఐదు, అట్టా పైకి రా. ఎగువోడు తిడతాడు, తిట్టనీ. అప్పుడే అందరికీ ఒక్కసారి అందుద్ది."

"అంతా పంచేస్తే మరి నాకో?"

"జానెడు ఉంచుకో. ఏ రోజూ ఖాళీ చెయ్యమాక. తొట్టి ఎండిపోయినాక తలుపు ఎత్తినా ఒకటే, దించినా ఒకటే."

దానికి పిల్ల తన తెలివి కొంత కలిపింది. మంట వేస్తే అది వచ్చిన దారి పట్టుకుని శత్రువు శిఖరం దాకా వస్తాడు, పొగమంచుకి ఆ ఆనవాలు ఉండదు. కాబట్టి ప్రాణం మీదికొస్తే తప్ప మంట ముట్టేది కాదు. అలా పదకొండు నెలలు చావకుండా నెట్టుకొచ్చింది. శౌరయ్య కూడా పాత అలవాటు కొద్దీ, ఇంట్లో మిగిలిపోయిన గేజీ రిజిస్టర్లోనే, ఏ బురుజుకి ఎంత వచ్చిందో, ఏ వరసలో వచ్చిందో, శిఖరంలో ఎంత మిగిలిందో రోజూ రాసేవాడు. ఈ నెలన్నరా కూడా రాశాడు. రాశాడే గానీ చదవలేదు. చదివితే ఏం కనబడుతుందో లోపల ఎక్కడో తెలుసు. పిల్ల కష్టంలో ఉంది, చెయ్యి వణుకుతోంది, అందుకే తడబడుతోంది అని పోయిన శుక్రవారం దాకా తనకి తనే సర్దిచెప్పుకుంటూ వచ్చాడు. తన ఆశ మీద తనకే అసహ్యం వేసింది ఆ మనిషికి.

డయానా పాస్‌వర్డు తెలిసిన మనిషి ఇంకొక్కడే. ఆమె అన్న, డేనియల్.

గన్నవరంలో బస్సు మారి హనుమాన్ జంక్షన్లో దిగేసరికి ఐదున్నర దాటింది. హైవే మీద లారీలు ఒకదాని వెనక ఒకటి, గాలినిండా దుమ్మూ డీజిలూ. డేనియల్ బుకింగ్ క్లర్కుగా చేసే లారీ ఆఫీసులో ఓనరు ఎవరితోనో ఫోన్లో అరుస్తున్నాడు. శౌరయ్యని చూసి, "మీవాడు గొడౌన్ వెనకున్నాడండీ, ఆరైతే చాలు మాయమైపోతాడు" అన్నాడు.

గొడౌన్ వెనక మడతపెట్టిన టార్పాలిన్ల గుట్ట మీద, ఇటు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు డేనియల్. ఇరవయ్యేడేళ్ల కుర్రాడు, వెనకనుంచి చూస్తే నలభై ఏళ్లవాడిలా వంగిపోయి ఉన్నాడు. శౌరయ్య చప్పుడు చెయ్యలేదు. తన ఫోను తీసి, ఆట తెరిచి, ఏడో బురుజులో నిలబడ్డాడు. ఆరైంది. కొడుకు బొటనవేలు ఒక్కసారి తెరమీద నొక్కింది.

తండ్రి చేతిలో పచ్చదీపం వెలిగింది.

అప్పటికీ ఆయన ఒప్పుకోలేదు. కాకతాళీయం కావచ్చు కదా అనుకున్నాడు. కొడుకు వేలు కదిలింది, తన తెరమీద ఒకటో బురుజు దగ్గర మంట లేచింది. మళ్లీ కదిలింది, రెండో బురుజు. మళ్లీ కదిలింది, మూడు. ఇక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఏడో బురుజు గోడకి శత్రువులు నిచ్చెనలు వేస్తున్నారు.

"ముందు ఏడుకి వదలాల్రా" అన్నాడు శౌరయ్య.

డేనియల్ ఉలిక్కిపడి లేచాడు. ఫోను టార్పాలిన్ల మీద పడింది. తండ్రి మొహం, తండ్రి చేతిలో ఫోను, ఆ ఫోన్లో తన మంటలు చూశాడు. కొడతాడేమో అన్నట్టు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. శౌరయ్య కొట్టలేదు. కొట్టడానికి చేతిలో సత్తువ ఉంటే కదా.

"ఎన్నాళ్లనుంచి?"

"తొమ్మిదో రోజునుంచి." కొడుకు కళ్లు తెరిచాడు. "అమ్మ నాలుగు రోజులు మెతుకు ముట్టలేదు నాన్నా. సెలైన్ పెట్టించాం, గుర్తుందా? ఆ రోజు చెల్లి అకౌంట్ తెరిచి చూద్దామనుకున్నా, ఎవరికన్నా మెసేజ్ పెట్టిందేమో అని, అంతే. తెరవగానే నువ్వు లోపల్నించి కేకేశావు, 'అమలా, దీపం వెలిగింది, పిల్ల వచ్చింది' అని. అమ్మ మంచం దిగి పరిగెత్తుకొచ్చింది. అప్పుడు ఎట్టా చెప్పను, నేనని? నువ్వైతే చెప్పేవాడివా?"

శౌరయ్య టార్పాలిన్ల మీద కూర్చున్నాడు. నలభై రోజులు. నలభై సాయంత్రాలు ఆ పచ్చచుక్కకి దణ్ణం పెట్టుకున్నాడు. ఏడో బురుజులో తను నిలబడి ఉంటే తన బిడ్డ ఎక్కడో కూర్చుని తనని చూస్తోందనుకుని, మెడ నిటారుగా పెట్టి ఆడాడు. కొన్ని రోజులైతే ఫోను పట్టుకుని "జాగ్రత్తమ్మా" అని పైకే అన్నాడు. ఆ జాగ్రత్తలన్నీ ఈ గొడౌన్ వెనక్కి వచ్చి పడ్డాయన్నమాట. ఇప్పుడు లెక్క మళ్లీ మొదటికి వచ్చింది: గట్టుమీద స్కూటీ, కాలవలో నీళ్లు, ఆ కాగితం మీద తను పెట్టించిన సంతకం. ముసలాయన ఏడ్చాడు. లారీ హారన్లలో ఆ ఏడుపు ఎవరికీ వినపడలేదు గానీ కొడుకు చూశాడు, వచ్చి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"గైడ్ చూసి ఆడాను నాన్నా" అన్నాడు కాసేపటికి, అదేదో తన తప్పుని తగ్గిస్తుందన్నట్టు. "నెట్‌లో అందరూ అట్టాగే చెప్తారు. దగ్గర బురుజులు ముందు గట్టి చేసుకో, శిఖరం దగ్గరికి ఎవడినీ రానీకు, చివరి బురుజు పోయినా పర్లేదు అని. నిన్ను ఎట్టాగో లాక్కొచ్చా."

"మీ చెల్లి నాతో గట్టుమీద తిరిగింది, నువ్వు హాస్టల్లో చదివావు. నీకెట్టా తెలుసుద్దిలే." ఆ మాటలో నిందేమీ లేదు. శౌరయ్య మొహం తుడుచుకున్నాడు. "ఒక్క రోజన్నా సరిగ్గా ఆడావుగా. దాన్ని చూసే నేనింకా భ్రమలో ఉన్నా."

"ఏ రోజు?"

"మొన్న పదమూడో తారీఖు. గురువారం."

డేనియల్ తలెత్తాడు. "గురువారం నేను ఆడలేదు నాన్నా."

"ఆడకపోవడమేంట్రా? దీపం వెలిగింది."

"ఆవేళ లోడుతో కైకలూరు వైపు వెళ్లా. లారీ రోడ్డు దిగి బురదలో దిగబడింది, ఫోన్లో చార్జింగ్ లేదు. ఆరు దాటిపోతోంది, అమ్మ ఏమైపోద్దోనని డ్రైవర్ ఫోన్ అడుక్కుని ఇంటికి చేశా. అమ్మ ఏమందో తెలుసా? 'వచ్చిందిరా, ఇవాళ కూడా వచ్చింది, ఇప్పుడే తిన్నా' అంది. నేను..." కుర్రాడు పడి ఉన్న ఫోను వైపు చూశాడు. "నువ్వు అమ్మ కోసం అబద్ధం చెప్పావనుకున్నా. నీకంతా తెలిసిపోయి నాతో కలిసి దాస్తున్నావేమో అనుకున్నా. అందుకే అడగలేదు."

ఒకరిని ఒకరు చూసుకున్నారు తండ్రీకొడుకులు. ఒకే ఇంట్లో ఒకే అబద్ధాన్ని ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు చెరో కొస పట్టుకుని మోశారు. ఆ ఒక్కరోజు మాత్రం అది అబద్ధం కాదు.

శౌరయ్య సంచీలోంచి రిజిస్టరు లాగాడు. రెండుసార్లు పేజీ దాటిపోయింది. పదమూడో తారీఖు, గురువారం, సాయంత్రం ఆరు. తన చేతిరాతే. మొదట ఏడో బురుజు, పొగమంచు. మంట లేదు, ఒకటో బురుజుకి ముందు పంపడం లేదు. ఈ వరస తెలిసిన మనుషులు భూమ్మీద ఇద్దరే, ఒకడు ఇక్కడ కూర్చుని ఉన్నాడు.

"బతికే ఉంది" అన్నాడు డేనియల్. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియడం లేదు. "నాన్నా, చెల్లి బతికే ఉంది! ఎస్సైకి ఫోన్ చేద్దాం, అమ్మకి చెప్దాం..."

శౌరయ్య వేలు ఆ వరసమీదే ఆగిపోయింది. ఆ రోజు రాసేటప్పుడు ఆనందంలో పట్టించుకోని అంకెలు ఇప్పుడు ఒక్కొక్కటే కనబడుతున్నాయి. ఏడో బురుజు తర్వాత ఆరు లేదు, ఐదు లేదు. ఉన్నదంతా ఏడుకే. మిగిలింది అన్న గడిలో సున్నా.

"ఏంటి నాన్నా?"

"జానెడు కూడా ఉంచుకోలేదురా."

"అయితే?"

అయితే ఏమిటో శౌరయ్యకి తెలుసు. ఏడాదికోసారి, పంట చేతికొచ్చాక, కాలవలు కట్టేస్తారు. పైన తలుపులన్నీ దించేసి, కాలవలో మిగిలిన నీళ్లన్నీ శివారుకి వదిలేస్తారు. ఆ రోజు లస్కరు ఏమీ దాచుకోడు, మర్నాడు వదలాల్సిన పని లేదు గనక. తర్వాత తలుపులకి గ్రీజు రాసి, తాళాలేసి, ఇంటికి పోతాడు. చిన్నప్పుడు డయానా ఆయన చెయ్యి పట్టుకుని గట్టుమీద నడుస్తూ ఏటా అడిగేది, "ఇవాళ కట్టేస్తున్నావా నాన్నా?" అని. "అవునమ్మా, ఇది ఆఖరి తడి" అనేవాడు తను.

పిల్ల పదమూడో తారీఖున ఎక్కడినుంచో వచ్చింది. తన శిఖరం తలుపు తీసింది. తను లేకపోయినా దీపం రోజూ వెలుగుతోందనీ, తన చోట ఇంకెవరో కూర్చుని తన మాంత్రికురాలిని ఆడిస్తున్నారనీ చూసింది. తను లేని లోటు ఎవరికీ తెలియకుండా పూడిపోయిందని అనుకుని ఉంటుంది. ఉన్నదంతా తండ్రికి పంపి, కాలవ కట్టేసి వెళ్లిపోయింది. ఇది జరిగి ఎనిమిది రోజులు.

శౌరయ్య ఇదంతా చెప్పేసరికి డేనియల్ టార్పాలిన్ల మీద పడి ఉన్న ఫోను గబుక్కున అందుకున్నాడు. "మెసేజ్ పెడతా, ఇది నేనేనని, సారీ అని..."

"వద్దు. ముట్టుకోమాక."

"నాన్నా!"

"అందులోంచి బయటికి రా. మళ్లీ తెరవనని నామీద ఒట్టెయ్యి." గొంతు మామూలుగానే ఉంది, పాతరోజుల్లో కాలవల ఇంజనీరు ఏ.ఈ. గారితో తలుపు ఎందుకు ఎత్తకూడదో చెప్పేటప్పటి గొంతు. "ఎస్సైకి ఇవాళే చెప్దాం, ఆళ్ల పని ఆళ్లు చేస్తారు. ఇది మాత్రం వదిలెయ్. నువ్వు అందులో ఉన్నంతకాలం దానికి చోటు లేదు. ఆ దీపం ఆరిపోయి ఉండాల. నేను ఏడో బురుజులో ఒక్కణ్ణే ఉండాల. అది వచ్చి చూస్తే, తను లేకపోతే ఏమవుద్దో కనబడాల."

"పది సాయంత్రాలు ఎవరూ ఆడకపోతే తలుపులు తెరుచుకుంటాయి. లాకులపిల్ల చచ్చిపోద్ది నాన్నా. చెల్లి ఇంకెప్పుడొచ్చినా అక్కడేమీ ఉండదు. మనకి దాని దగ్గరికి ఉన్న దారి అదొక్కటే."

"తెలుసు."

"రాకపోతే?"

ముప్ఫై నాలుగేళ్లలో శౌరయ్య ఏ తలుపూ ఇంత భయంతో దించలేదు. కొడుకు వేలితో తెర నొక్కాడు. తండ్రి చేతిలో పచ్చదీపం ఆరిపోయింది. ఏడో బురుజు మీద శౌరయ్య బొమ్మ ఒక్కటే, చుట్టూ నిచ్చెనలు. వెనక్కి తగ్గాడు, మెట్ల మూలన నక్కి, ఎలాగో ప్రాణంతో ఆ సాయంత్రం గట్టెక్కాడు.

ఫోను మోగింది. అమలమ్మ. ఆరున్నరైంది మరి, రోజూ అడిగే వేళ దాటిపోయింది.

"ఏవండీ, పని అయిందా? వెలిగిందా?"

వెనక కంచం చప్పుడైంది. అన్నం పెట్టుకుని, ఆ ఒక్క మాట కోసం కూర్చుని ఉంది. వెలిగిందని అనడం ఎంత తేలిక! నిజానికి అబద్ధం కూడా కాదు, వెలిగింది కదా. డేనియల్ కళ్లతోనే బతిమాలుతున్నాడు, అనెయ్యి నాన్నా అని. పెట్టెయ్యమ్మా గొడవ వదిలిపోద్ది అన్న తన గొంతే శౌరయ్యకి చెవిలో వినబడింది.

"ఇవాళ రాలేదు అమలా."

అవతల అన్నం గిన్నె మీద మూత తిరిగి పెట్టిన చప్పుడు వినిపించింది.